మూత బందు

నందిగామ,
జూన్ 2.

తుమ్మెద కంప్యూటర్స్ వారికి వందనాలు.

ఈ ఉదయం నేను లేచేసరికి మీ లాప్‌టాప్ తెర మీద ఒక బల్లి వెల్లకిలా కాకుండా, బోర్లా, హాయిగా పడుకుని ఉంది. తరమబుద్ధి కాలేదు.

మీ లైనక్స్ లాప్‌టాప్ కొన్నవాళ్లందరికీ పంపిన కార్డు నాకూ అందింది. "మా కొత్త హార్డ్‌వేర్‌లో మీకేం కావాలో మొహమాటం లేకుండా రాయండి" అన్నారు. మొహమాటం లేకుండా రాయడం నాకు చేతకాదు. అయినా ప్రయత్నిస్తున్నాను.

నాకు ఒకటే కావాలి. గట్టి కీలు. నా దానికి కీలు ఊడింది. ఎదురుగా మా నానమ్మ పుల్లమ్మ కూర్చుని పట్టుకుంటే తప్ప పని జరగడం లేదు. జగ్గయ్యపేటలో బాగుచేసే అతను "లైనక్సా? దాని సామాను మన దగ్గర దొరకదమ్మా" అన్నాడు.

ఈ నెల 22న ఈ లాప్‌టాప్‌లోనే నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. డిగ్రీ అయిన రెండేళ్లకు వచ్చిన మొదటి పిలుపు. కొత్త మోడల్ వచ్చేదాకా ఆగలేను. ఈలోగా ఒక కీలు పంపగలరా?

ఇట్లు,
కృపాజ్యోతి

తా.క. నానమ్మ చెయ్యి నొప్పెట్టి వదిలేస్తే కెమెరాలో మా ఫ్యాన్ ఒక్కటే కనిపిస్తుంది. మీ కార్డు మీది పెంగ్విన్ బొమ్మ చూసి నానమ్మ "ఎవరి కోడే ఇది?" అని అడిగింది.

హైదరాబాదు,
జూన్ 6.

కృపాజ్యోతి గారికి నమస్తే.

మీ కోరిక మాకు చేరినవాటిలో 413వది. సగంమంది పది రోజులు నిలిచే బ్యాటరీ అడిగారు. ఒకరు టీ గ్లాసు పెట్టుకునే గూడు అడిగారు. వత్సవాయి రైతు ఒకాయన పత్తి చేలో ఎండలో కూడా కనిపించే తెర కావాలన్నారు. కీల గురించి అడిగింది మీరొక్కరే.

చిన్న సందేహం. "కీలు ఊడింది" అని రాశారు. ఒకటైతే "కీ ఊడింది" అనాలి, ఎక్కువైతే "కీలు ఊడాయి" అనాలి. ఎన్ని ఊడాయో తేలక మొత్తం కీబోర్డే పంపుతున్నాము. గట్టివి అడిగారు కనుక మా దగ్గర అన్నిటికన్నా గట్టిగా ఉన్నది ఏరాము. ఒక్కసారి ఫోన్ చేస్తే ఏ సందేహమూ ఉండదు.

మీ కోరికలు తీర్చడమే పనిగా,
కల్యాణ్,
కోరికల విభాగం

తా.క. బల్లి వల్ల కీలు ఊడితే వారంటీ వర్తించదు. నానమ్మ గారు కీలు పట్టుకుని కూర్చుంటే మీరు వేటి మీద టైపు చేస్తున్నారు?

నందిగామ,
జూన్ 9.

కల్యాణ్ గారికి వందనాలు.

కీబోర్డు అందింది. చాలా గట్టిగా ఉంది. 'అ' రావాలంటే రెండు బొటనవేళ్లూ వాడాలి. కృతజ్ఞతలు.

తప్పు నాదే. కీలు అన్నది పుస్తకాల్లో నేర్చుకున్న మాట. మీ ఉత్తరం చదివి వినిపిస్తే నానమ్మ, "దాన్ని బందు అంటారే పిల్లా! కీలంట కీలు! నీ పుస్తకాల తెలుగు ఆఫీసోళ్లకేం తెలుసుద్ది? మూత బందు పోయిందని రాయి" అంది. కనుక మళ్లీ రాస్తున్నాను. మూత బందు పోయింది. మంచి బందు కావాలి.

ఫోన్ మాత్రం చేయలేను. మొన్న చెప్పాల్సిన వాక్యం కాగితం మీద రాసుకుని మీ నంబరు నొక్కాను. పాట వచ్చింది. పాట పూర్తిగా విని పెట్టేశాను.

ఇట్లు,
కృపాజ్యోతి

తా.క. ఇంటర్వ్యూకి పదమూడు రోజులే ఉన్నాయి. నానమ్మ రోజూ చెయ్యి పైకెత్తి ఉంచడం సాధన చేస్తోంది. నిన్న ఇంటికొచ్చిన పాస్టరు గారు ప్రార్థన అనుకుని తనూ చెయ్యెత్తారు.

హైదరాబాదు,
జూన్ 13.

కృపాజ్యోతి గారికి నమస్తే.

ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. "మూత బందు" అని మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మాది జనగామ. మా ఇంట్లో పొద్దస్తమానం "టీవీ బంద్ చెయ్, లైటు బంద్ చెయ్" అనే వినిపిస్తుంది. మూత వేసినా కంప్యూటర్ బంద్ కావడం లేదు, అంతే కదా? లైనక్స్‌లో చాలామందికి ఉన్న బాధే ఇది. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. పెట్టగానే తనంతట తానే సర్దుతుంది. ఇక మూత పడిన మరుక్షణం బంద్!

కోరిక తీరిందన్న తృప్తితో,
కల్యాణ్

తా.క. ఇంటర్వ్యూలో ఇంత పొదుపుగా మాట్లాడకండి. ఎదుటివాళ్లకు అర్థం కాదు.

నందిగామ,
జూన్ 16.

కల్యాణ్ గారికి వందనాలు.

పెన్‌డ్రైవ్ బాగా పనిచేసింది. నానమ్మకు కునుకు పడితే మూత ముందుకు పడుతుంది. మూత పడగానే కంప్యూటరూ నిద్రపోతుంది. నిన్న మూడుసార్లు ఇద్దర్నీ లేపాను.

ఇక మాటలతో లాభం లేదని ఆ వస్తువునే విప్పించి ఈ కవర్లో పెడుతున్నాను. దాన్ని మీరు ఏ పేరుతో పిలిచినా నాకు సమ్మతమే.

ఇట్లు,
కృపాజ్యోతి

తా.క. విప్పింది జగ్గయ్యపేట శాంతయ్య గారు. "హార్డ్‌వేర్ కావాలంటే హార్డ్‌వేర్ కొట్టుకి పోవాలి గానీ ఉత్తరాలేందే?" అని నానమ్మే పంపింది. మేకులు, గొళ్లేలు అమ్మే కొట్టు. ఆయన ఒక్క ప్రశ్నా వేయలేదు. అలమర తలుపు బందు తెచ్చి నాలుగు మరలు బిగించి, "నీ మనవరాలొచ్చినా ఊడదమ్మా" అన్నారు. మూత నిటారుగా నిలబడింది. మూయడం మాత్రం ఇక ఎవరివల్లా కాదు. అలాగే తెరిచి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్కావిడ చిల్లకల్లు దాకా సినిమా పెట్టమని అడుగుతూనే ఉంది.

హైదరాబాదు,
జూన్ 20.

కృపాజ్యోతి గారికి నమస్తే, క్షమాపణలు.

కవరు విప్పాను. ఇది హింజ్ కదండీ! ఆ ఒక్క మాట అని ఉంటే మొదటి రోజే పంపేవాణ్ణి. అసలుది ఇప్పుడు పంపుతున్నాను, 22కల్లా అందాలని ఆశ. పట్టికలో మీ పేరు ఎదురుగా ఉన్న "గట్టి కీలు" కొట్టేసి "నానమ్మ పట్టుకోనక్కరలేని మూత" అని రాశాను. కొత్త మోడల్‌కి పైవాళ్లు ఒప్పుకున్నది ఈ ఒక్క కోరికే.

తలదించుకుని,
కల్యాణ్

తా.క. మీకు హింజ్ అన్న మాట నిజంగా తెలియదా?

నందిగామ,
జూన్ 24.

కల్యాణ్ గారికి వందనాలు.

తెలుసు. మా కాన్వెంటులో తెలుగు మాట్లాడితే సిస్టర్ బెంచీ ఎక్కించేది. తక్కువ మాట్లాడటం అక్కడే అలవాటైంది. అందుకే తెలుగులో రాసేటప్పుడు, తెలుగు మాట ఉన్నచోట ఇంకో మాట రానివ్వకూడదని చిన్న పట్టు.

మీ హింజ్ 23న అందింది. ఇంటర్వ్యూ 22న అయిపోయింది. శాంతయ్య గారి బందు కదల్లేదు. చేతికి పనిలేక నానమ్మ నా పక్కన కూర్చుంది. తెరలో నలుగురున్నారు. ఏదైనా ఒక వస్తువు గురించి ఎవరికైనా అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నారు. నేను కీలు గురించి చెప్పాను. కీబోర్డు, పెన్‌డ్రైవ్, పాస్టరు గారు, అన్నీ వచ్చాయి. పదిహేను నిమిషాలు మాట్లాడానట. మీ పేరు చెప్పలేదు, "ఒక ఆఫీసు" అన్నాను. ముగ్గురు నవ్వారు. నాలుగో ఆవిడ నవ్వకుండా ఏదో రాసుకున్నారు. ఉద్యోగం వచ్చింది.

ఇట్లు,
కృపాజ్యోతి

తా.క. జులై ఒకటిన చేరాలి. కంప్యూటర్లతో పాటు ఇచ్చే పుస్తకాలు తెలుగులో రాసే పని. ముందే చెబితే సిఫారసు అడిగినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఆ ఇంటర్వ్యూ తుమ్మెద కంప్యూటర్స్‌ది.