గట్టిపడని మట్టి

గద్వాల

అమ్మకు,

నేను బాగున్నాను. హాస్టల్ అన్నం అలవాటైంది. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అవ్వ వింటుంది. అవ్వకు చదవడం రాదు కాబట్టి కార్డు రాస్తున్నాను.

నేను పనిచేసే మ్యూజియంలో తాత గది సిద్ధమైంది. లంగోటా, గద, ఫొటోలు, అద్దాల పెట్టెలో ఆయన కుస్తీ పట్టిన తాలీము గోదాలోని మట్టి. "తిమ్మప్ప పహిల్వాన్, జననం 1938" అని బోర్డు రాశాం. మరణించిన సంవత్సరం కూడా రాయమని సార్ అంటున్నారు. రాయచూరు కుస్తీకి పోయి తిరిగి రాని మనిషికి ఏం రాయను? అవ్వ ఇంకా బొట్టు పెట్టుకుంటోంది.

రోజూ తవ్వకపోతే తాలీము మట్టి గట్టిపడుతుందని అవ్వ చెప్పేది కదా. పెట్టెకు తాళం వేసి రెండు నెలలైంది. పొద్దున వచ్చి చూస్తే ఒక మూల నుంచి సగం దాకా కొత్తగా తవ్వినట్టు ఉంటోంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. వాచ్‌మన్ బుచ్చన్న నన్నే అనుమానిస్తున్నాడు. "గిసొంటి మజాకులు చేస్తవా బిడ్డా? నాకు భయమైతుంది, జర ఆపు" అన్నాడు. నేను తవ్వలేదమ్మా.

అవ్వ కంటి చుక్కలు అయిపోయాయా? నా నల్ల స్వెటర్ పంపు.

తాత ఏ మూల నుంచి మట్టి తవ్వడం మొదలుపెట్టేవాడో అవ్వను అడుగు. ఎందుకో చెప్పకు. ఇక్కడ రోజూ తూర్పు మూల. అవ్వ కూడా తూర్పే అంటే, బోర్డు మీద మరణించిన సంవత్సరం నేను రాయను.

అవ్వ కాళ్లకు నా దండం.

సౌజన్య