మంజు అడిగిన బూట్లు

శుక్రవారం. కట్టు విప్పి పన్నెండు దినాలు.

ఈ పొద్దు మంజు మహానుభావుడు నా దర్శనానికి వచ్చినాడు. గుడిబండె కొండ మీద నేను జారినప్పుడు, నా తాడు పట్టుకోవాల్సిన చేత్తో వీడు ఫోను పట్టుకొని రీలు తీస్తాండె. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. చీలమండ విరిగిన నన్ను వీపున మోసుకొని దిగినాడని అమ్మకు మాత్రం వీడు దేవుడు. కాఫీ, చక్కిలాలు నైవేద్యం పెట్టింది.

"ఆదివారం మళ్లీ ఎక్కుతాండామప్పా. నీ క్లైంబింగ్ బూట్లు ఊరికే ఉండాయి కదా, ఇస్తావా?"

లోపలికి పోయి, ఇచ్చే ముందు ఒకసారి కుడికాలు దూర్చి చూసినాను. వాపుకు సగం కూడా పోలేదు.

తెచ్చి వాడి చేతిలో పెట్టి, "ఈసారి నీ తాడు ఎవరు పట్టుకుంటారప్పా?" అన్నాను.

అమ్మ నవ్వింది. వాడు కాఫీ గ్లాసు కింద పెట్టేసినాడు.