పత్తి ఆకు సంగతి సార్‌కు ఎలా తెలిసింది

మంగళవారం, అన్నం తిన్నాక

మా వనపర్తి ఆఫీసులో ఎవరు ఏఐని ఎంత వాడుతున్నారో కొత్తగా లెక్క కడుతున్నారు. పోయిన వారం మేనేజర్ రవి సార్ నన్ను పిలిచి, "అందరి కన్న నీదే తక్కువుంది, ఏంది సుజాతా? జర వాడు" అన్నాడు. నా కోడ్ నేనే రాసుకోవడం తప్పయిపోయింది. మేం అడిగేవి కూడా చదువుతారా సార్ అంటే, "ఏ, ఎన్నిసార్లు అడిగిన్రో గంతే కనవడతది" అన్నాడు.

వాళ్లకు కావాల్సింది లెక్కే కదా అని, తోచిందల్లా దాన్ని అడగడం మొదలుపెట్టాను. అయిజలో మా అన్న పత్తి చేనులో ఆకు ఎందుకు ఎర్రబడుతోందో కూడా అడిగాను. లెక్క పెరిగింది. సార్ శెభాష్ అన్నాడు.

ఇవాళ చాయ్ తాగుతుంటే ఆయనే పలకరించాడు. "మీ అన్న పత్తికి ఆకు ఎర్రవడుడు తగ్గిందా?"

తగ్గింది సార్ అనేశాను. సీటుకు వచ్చి కూర్చున్నాక అనుమానమొచ్చింది. పత్తి సంగతి ఆఫీసులో నేనెవరికీ చెప్పినట్టు గుర్తు లేదు. పక్క సీటు నస్రీన్‌తో ఎప్పుడైనా అన్నానేమోనని అడిగాను. "నాకే తెల్వదు, ఇగ సార్‌కు నేనేడ చెప్తనే" అంది. నస్రీన్ అబద్ధమాడే మనిషి కాదు.

పత్తి గురించి అడిగిన రోజే, హైదరాబాద్‌లో వేరే కంపెనీ ఇంటర్వ్యూకు ఎలా తయారవ్వాలో కూడా దాన్నే అడిగాను.

సార్ ఆ ఊసు మాత్రం ఎత్తలేదు.