మన మజ్జినున్న మీటరు జాగా

పెదగంట్యాడ,
శుక్రవారం

నా ఎదురు కిటికీ పుష్ప వదినకి,

పక్కింట్లో ఉండి ఉత్తరం రాస్తందేటి ఈవిడ, పిచ్చిగాని పట్టిందా అని నవ్వుకుంతన్నావు కదా. నవ్వుకో. కిటికీ మూసీసి కూకున్నది నువ్వే. ఫోన్లో పెడదామంటే నీ ఫోను ఎప్పుడూ మీ ఆయన వరహాలన్నయ్య చేతిలోనే ఉంటాది. అందుకని నీ గిన్నెలో పెట్టి పంపిస్తన్నాను. కానాగంతల చేపల పులుసు పోసిచ్చిన గిన్నె, అడుగున నీ పేరు చెక్కించుకున్నావు చూడు, అదే. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు గదా. ఏదైనా వండి పోద్దామంటే నాకు చేతులు ఆడలేదు.

మొదట్నించీ చెప్పీసుకుంటాను. మీ అత్త అసిరమ్మగారు జారిపడి తుంటి విరిగిన కాడ్నించీ కింద బాత్రూం ఉన్న గది మీకు ఎంత అవసరమో నాకు తెల్దా? మేడ మెట్లు ఎక్కలేరు. వాకరు పట్టుకుని పెరటి మెట్లు దిగి దొడ్డికి ఎల్లలేరు. అందుకని మీ వంటింటి గోడని రెండిళ్ల మజ్జిన వదిలిన మీటరు జాగాలోకి జరిపి, ఆవిడకో చిన్న గది తీద్దామని అన్నయ్య కార్పొరేషనులో రూలు సడలింపుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. పక్కవాళ్లకి గాలీ వెలుతురూ ఆడాలని వదిలే జాగా అది. ఆ పక్కవాళ్లు మాకేం అభ్యంతరం లేదని రాసిస్తేనే దరఖాస్తు కదుల్తాదని ప్లాను గీసే తిరుమలరావు చెప్పాడు. ఆ పక్కవాళ్లెవరు? నాను.

కాగితం చేతిలో పెట్టి నువ్వడిగితే 'అలాగే వదినా, దానికేటి' అన్నాను. తర్వాత పెన్ను కనపళ్లేదన్నాను. ఆ తర్వాత మా ఆయన్ని అడగాలన్నాను. మీ దొరబాబన్నయ్య షిప్పు మీద ఏ సముద్రంలో ఉన్నారో నాకే తెలీదు, ఆయన్నేటడుగుతాను! నీకు అర్థమైపోయింది. 'ఇష్టం లేకపోతే లేదని చెప్పీ, నాటకాలాడకు' అనీసి కిటికీ తలుపు ధడేలున వేసీసావు.

వెలుతురు పోతాదని కాదు వదినా. మనకి వచ్చే వెలుతురేటి, పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి నల్లగా పోర్టు బొగ్గు మసి. అసలు సంగతి, ఆ కిటికీ లేకపోతే రోజంతా నాతో మాట్లాడే మనిషి లేదు. ఆయన షిప్పెక్కితే మళ్లీ దిగినప్పుడే. నిఖిత అచ్యుతాపురంలో ఉద్యోగంలో చేరి అక్కడే హాస్టల్లో ఉంటంది, ఫోన్ చేస్తే 'అమ్మా, డ్యూటీలో ఉన్నాను' అంటాది. మా ముందు గదిలో, బాత్రూంతో సహా, ఆయన సూట్‌కేసులే కాపరం ఉంటన్నాయి. 'వదినా, ఈవేళ ఏటి కూర?' అని నువ్వడిగితేనే నాకు కూర వండాలనిపిస్తాది. నువ్వు అడగడం మానీసాక ఏం తింటన్నానో రాయను, రాస్తే నువ్వేడుస్తావు. మీ అత్త చుట్ట తిరగేసి కాల్చే అడ్డపొగ మా వంటింట్లోకి వస్తే ఎంత సణుక్కునేదాన్ని, కంపు కంపనీసి! ఇప్పుడు ఆ కంపు కోసం కూడా ముక్కు ఎగబీలుస్తన్నాను. సిగ్గు లేదు నాకు.

సంతకం పెట్టీసాను. ఉత్తరం కిందే కాగితం ఉంది. నా కబుర్ల కోసం మంచమ్మీదున్న మనిషిని ఇబ్బంది పెడితే నాకు ముద్ద దిగదు. గది కట్టుకోండి. గోడ లేచాక వీధిలోంచి చుట్టూ తిరిగొచ్చి మీ గుమ్మంలో కూకుంటాను, పొమ్మనకు.

నీకు కోపమొచ్చినా నీ వదినే,
గంగాభవాని

*

శనివారం

పెన్ను కనపడని మా భవాని వదినకి,

నీ ఉత్తరం చదివి ఏడిచాను, తిట్టాను, మళ్లీ ఏడిచాను. నోరు విప్పి చెప్పొద్దేటి? పెద్ద ఇల్లు, షిప్పు జీతం, అందుకే ఈవిడకి పొగరు అనుకున్నాను. మా ఆయనతో అన్నాను కూడా. లెంపలేసుకుంటన్నాను.

ఇంకో సంగతి విను. తిరుమలరావు ప్లాను గీసి తెచ్చిన రోజున, జరిపిన గోడకి కిటికీ ఏదయ్యా అనడిగాను. హద్దుని ఆనుకుని కట్టే గోడకి కిటికీ పెట్టకూడదమ్మా అన్నాడు. 'మరి భవాని వదినతో ఎలగ మాట్లాడతాను?' అని పైకే అనీసాను. మా ఆయన పకపకా నవ్వి, 'ఫోన్లు చేసుకోండి' అన్నాడు. ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదు. నువ్వు సంతకం పెట్టట్లేదని ఒకపక్క కోపం, పెట్టకపోతేనే బాగుణ్ణని ఒకపక్క ఆశ. ఎలాగూ పోయే కిటికీయే కదా, ఇప్పట్నించే అలవాటు పడదామని మూసీసాను. అలవాటు పడింది లేదు, పాడూ లేదు. మూసిన తలుపు వెనకాలే నిలబడి నీ గిన్నెల చప్పుడు వింటన్నాను.

నీ ఉత్తరం మా అత్తకి చదివి వినిపించాను. అడ్డపొగ కాడికొచ్చేసరికి ఆవిడ లేచి కూకుంది. 'నా సుట్ట కంపంతాదా అది? రానీ, సెప్తాను. ఔనుగాని, దాని ముందు గది కాళీయే కదేటే? బాత్రూమూ ఉందంతంది. అదేమో మనిసి లేక ఏడుస్తంది, నానేమో గది లేక ఏడుస్తన్నాను. కిటికీ లేని గోడ సూస్తా పడుకోడానికి నాకేటి కర్మ? ఆ మజ్జిన కాంపౌండు గోడ కొట్టీయండి, నానటు పోతాను' అంది. ప్లానులు గీయించాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం, ఇది మాకెవ్వరికీ తట్టలేదు వదినా.

దరఖాస్తు వెనక్కి తీసుకుంటన్నాం. మీటరు జాగా మీటరు జాగాలాగే ఉంటాది. కాంపౌండు గోడకి మాత్రం వాకరు పట్టేటంత దారి తీస్తాడు మా ఆయన. దానికీ నీ సంతకం కావాలంటే ఈసారి పెన్ను నానే పంపిస్తాను. పగలు మా ఇంట్లో, పడక మీ ఇంట్లో అని ఆవిడే పంచీసుకుంది. దొరబాబన్నయ్య వచ్చాక ఎలగన్నది అప్పుడు చూసుకుందాం. నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పీ వదినా, నిజంగానే అంటన్నాను. కాకపోతే తొందరగా చెప్పు, ఆవిడ అప్పుడే దుప్పటి మడత పెట్టీసింది.

కిటికీ తెరిచాను. గట్టు మీద గిన్నె ఉంది, చెయ్యి చాపి అందుకో. చేపలు దొరకలేదు. ఖాళీగా పంపకూడదని మా అత్త చుట్టల కట్ట పెట్టాను. వీధిలోంచి వాకరు చప్పుడు వినపడతందా? చుట్టల వెనకాలే, మా ఆయన సాయంతో, ఆవిడా వస్తంది.

వదినా, ఈవేళ ఏటి కూర?

నీ పుష్ప