జనరల్ మెడిసిన్ విభాగం: ధ్యేయం, బలాలు

ప్రొద్దుటూరు,
జూలై 29

ప్రియమైన ఫర్హానాకు,

కర్నూలులో కలిసి చదివిన రోజుల నుంచీ నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు, ఫోనులో మరీను. అందుకే నీ క్లినిక్కుకు తిరిగొస్తున్న పేషెంటు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వు పంపిన నారాయణాచారే. ఆస్తమా. వారం ఉంచుకుని, ఇన్‌హేలర్ వాడడం నేర్పి డిశ్చార్జి చేశాం.

ఇక నా బాధ. వచ్చే నెల మా మెడికల్ కాలేజీకి తనిఖీ. మా విభాగం ధ్యేయం, బలాలు ఒక పేజీలో రాసి సంతకం చేయమన్నారు ప్రిన్సిపాల్. విభాగాధిపతిని కదా, తప్పదు. నూట ఇరవై పడకలు, పద్నాలుగు మంది డాక్టర్లు, ఐసీయూ అని రాశాను. అన్నీ నిజమే. కానీ అవి బలాలా, సామానా? ఏ కాలేజీ పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. పదేళ్ళుగా జమ్మలమడుగు నుంచి రోగులను పంపుతున్నావు. మా బలం ఏమిటో నువ్వు చెప్పు. లేదనిపిస్తే లేదనే చెప్పు.

నీ
గౌరి

జమ్మలమడుగు,
ఆగస్టు 12

ప్రియమైన హెచ్‌ఓడీ మేడం గారికి,

మీ ఇన్‌హేలర్ పని చేయలేదు. నిన్న నారాయణాచారిని భార్య వెంకటసుబ్బమ్మ ఆటోలో తెచ్చింది. పది అడుగులు నడవలేకపోతున్నాడు. మీ డిశ్చార్జి కాగితంలో "వృత్తి: కూలీ" అని ఉంది. ఆయన బంగారు పనివాడు గౌరీ! ఇరవై ఏళ్ళుగా మీ ప్రొద్దుటూరులోనే కిటికీ లేని గదిలో నగలకు కాడ్మియం టంకం వేస్తున్నాడు. ఆ పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, కిడ్నీలనూ వదలదు. మీరు చేయించిన పరీక్షలోనే మూత్రంలో ప్రోటీను పోతోందని ఉంది. ఎవరు చూశారు?

ఆయన పని, ఆ పొగ సంగతి మొదట పంపినప్పుడే నా లెటర్‌లో రాశాను. ఏమైందని అడిగితే వెంకటసుబ్బమ్మ అంది: "ఎక్స్‌రే కవర్లో పెట్టి ఆడనే ఇచ్చినా మేడం. 'పక్కన పెట్టుమ్మా' అనిరి. తెరిచింది మాత్రం నేను సూడలే." పదేళ్ళలో నా ఉత్తరాలకు మీ నుంచి ఒక్క జవాబు లేదు. మీ బలం అడిగావు కదా: చదవకుండానే వైద్యం చేయగలరు. రాసుకో.

ఆయన్ను మళ్ళీ మీ దగ్గరికే పంపుతున్నాను. ఇంకా దూరం పోయే ఓపిక లేదు.

కోపంగా ఉన్నా, నీ
ఫర్హానా

ప్రొద్దుటూరు,
ఆగస్టు 17

ప్రియమైన ఫర్హానాకు,

నారాయణాచారి ఆక్సిజన్ మీద కొంచెం తేలికపడ్డాడు. పోయిన ఊపిరి పూర్తిగా రాదనీ, ఆ గదికి మాత్రం వెళ్ళొద్దనీ చెప్పాను. "నాకింకేం పని వస్తాది మేడం?" అన్నాడు. ఆ గదిలో పనిచేసే మరో నలుగురినీ పిలిపించి పరీక్షలు మొదలుపెట్టాం.

నారాయణాచారితో నువ్వు మొదట పంపిన ఉత్తరం ఫైల్లో దొరికింది. మావాళ్ళు పిన్ను కూడా తీయలేదు. ఇప్పుడు నేనే తీసి చూశాను.

వారంలో జరిగిన పొరపాట్లు చెప్పుకోవడానికి మాకు శుక్రవారం మీటింగు ఉంటుంది. అక్కడ పొరపాటు ఎప్పుడూ రోగిదే: ఆలస్యంగా వచ్చాడు, మందులు మానేశాడు. నిన్న నేను లేచి, ఈ పొరపాటు నాది అన్నాను. తర్వాత మా పీజీ దీప్తి, పులివెందుల అమ్మాయి, లేచింది. "కూలీ అని రాసింది నేనే మేడం. అడగలా. గడి నిండుతాదని అందరికీ అదే రాస్తాండాం." వెనక నుంచి ఎవరో, "రేపు నేను జబ్బుపడి చేరినా కూలీ అనే రాస్తావులే మే" అన్నారు. నవ్వారు గానీ, నిలవలేదు ఆ నవ్వు.

నీ ఉత్తరాన్ని అక్కడ అందరికీ చదివి వినిపించలేదు. తెరవలేదని చెప్పాను, అది చాలు.

పేజీ అలాగే ఉంది. వచ్చే శనివారానికి సంతకం పెట్టాలి. పెట్టగలనో లేదో తెలియదు.

నీ
గౌరి

జమ్మలమడుగు,
ఆగస్టు 20

ప్రియమైన గౌరికి,

"అది చాలు" అన్న దగ్గర ఆగిపోయాను. ఎందుకు చదవలేదు? నా ఉత్తరాల నకళ్ళు దాచుకుంటాను కాబట్టి తీసి చూశాను. అందులో కాడ్మియం లేదు. బంగారు పని అన్న మాటే లేదు. "ఆయాసం, ఆస్తమా కావచ్చు, మీ అభిప్రాయం తెలుపగలరు." అంతే. పని గురించి నేను అడిగింది ఆయన రెండోసారి వచ్చాకే. మొదటే అడిగినట్టు, రాసినట్టు నమ్మేశాను. ఆ నమ్మకంతోనే నిన్ను తిట్టాను.

నువ్వు చదివి కూడా నన్ను కాపాడావు. వద్దు మే. అలా చేస్తే మీ మీటింగు మళ్ళీ పాత మీటింగే. ఈ శుక్రవారం క్లినిక్కు మూసి వస్తున్నాను. నా ఉత్తరం నేనే చదువుతాను. మీ పిల్లలు ఏమడిగినా అడగనీ.

వెంకటసుబ్బమ్మకూ చెప్పాను. "మీరు గూడా అడగలేదా మేడం?" అంది. లేదన్నాను. "ఇంగ మీదట యాడికి పోయినా ఆయన పనేందో ముందు నేనే చెప్తాలే" అంది.

పేజీలో పడకలు ఉంచు, నిజమే కదా. వాటి కింద, ఇక్కడ విభాగాధిపతి లేచి తన పొరపాటు చెబుతుందనీ, ఆమె తర్వాత పీజీ లేస్తుందనీ రాయి. ఇప్పటికి ఒక్క వారమే అయింది కాబట్టి దాన్ని బలం అనకు, మొదలుపెట్టామని రాయి.

సంతకం మాత్రం శుక్రవారం నేను చదివాకే పెట్టు.

నీ
ఫర్హానా