రెండు ఇళ్లలో ఒకే బీరువా

బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. కంప్యూటర్ మాత్రం కాదు.

ఉత్తరమేమిటి, ఫోన్ లేదా అనకు. మీ అక్క అక్కడే ఉంది, నీ ఫోన్ మోగితే ముందు తనే ఎత్తుతుంది. పోనీ మెయిల్ పంపుదామంటే గొడవంతా ఆ మెయిల్‌తోనే. అందుకే అటు సామాను తీసుకొస్తున్న మన లారీ డ్రైవర్ చేతికిచ్చి నీ ఆఫీసుకు పంపుతున్నాను. చదివి చింపెయ్.

సి డ్రైవ్ నిండిపోయిందని కంప్యూటర్ ఒకటే నసుగుడు. చూద్దును కదా, మీ అక్క మెయిళ్లన్నీ ఒకే ఫైలులో, గోతాంలో కుక్కినట్టు ఉన్నాయి. పక్కనే డి డ్రైవ్ ఖాళీగా పడుంది. ఊళ్లో అందరి ఇళ్లూ ఖాళీ చేయించి మరోచోట సర్దిపెట్టేవాణ్ణి, నాకిదో లెక్కా? కట్ కొట్టాను. మెయిల్ ప్రోగ్రామ్ తెరిచి ఉందని మొరాయించింది. దాన్ని మూసేస్తే దారికొచ్చింది. డి డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. ఇప్పుడు మెయిల్ తెరిస్తే అసలు ఫైలే కనబడటం లేదంటోంది!

మీ అక్క ఆరేళ్లుగా రాసిన నవల ఉన్నది అందులోనే. తిరిగి రాగానే, శుక్రవారం లోపల వారపత్రిక పోటీకి పంపాలి. అది పోయిందంటే నేనూ పోయినట్టే.

ఇట్లు,
వణుకుతున్న నీ బావ

తా.క.: డ్రైవర్‌కి టీ ఇప్పించు, కానీ మాట్లాడించకు. మొదలుపెడితే ఆపడు.

●

బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. ఫైలు ఎక్కడికీ పోలేదు. మీరు ఇల్లు మార్చారు, పోస్ట్‌మాన్‌కి కొత్త అడ్రసు చెప్పలేదు, అంతే. మెయిల్ ప్రోగ్రామ్‌లో అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్లి, డేటా ఫైల్ ఎక్కడుందని అడిగిన చోట డి డ్రైవ్‌ని చూపించండి. మెయిళ్లన్నీ కనబడతాయి.

ఇంకోసారి ఇలాంటి పని చేస్తే కట్ కొట్టకండి. కాపీ చేయండి. కొత్త చోట తెరుచుకుందని కళ్లారా చూశాకే పాతది తీసేయాలి. ఇప్పుడైనా మెయిల్ మూసి, ఆ ఫైలును ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. తర్వాత ఇక దేన్నీ ముట్టుకోకండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఆఖరి వాక్యం మళ్లీ చదవండి.

●

బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

నీ నోరు మంచిది. చెప్పినట్టే చేశాను, అన్నీ కనబడ్డాయి! పెన్ డ్రైవ్‌లోకి కాపీ కూడా చేశాను. కానీ ఒక్క మాట. మా పనిలో ఒకే బీరువా రెండు ఇళ్లలో కనబడిందంటే పోలీసులొస్తారు. మనసొప్పక పెన్ డ్రైవ్‌లోది చెరిపేసి, డ్రైవర్‌కి పాటలు ఎక్కించి ఇచ్చాను. పాపం, దారి పొడుగునా ఒక్కడే కదా.

ఎలాగూ చెయ్యి పెట్టాను కదా అని కాస్త సర్దాను. మీ అక్కకి ఒక మనిషి దగ్గర్నుంచి రోజూ మెయిళ్లు! ఎవడా అని తెరిచాను. తీరా చూస్తే పంపింది కూడా మీ అక్కే. రాసినదల్లా తనకు తనే పంపుకుంటుందట. మూడో అధ్యాయం, మూడో అధ్యాయం సరిదిద్దినది, చివరిది, నిజంగా చివరిది, ఇదే చివరిది... ఒక మంచానికి ఇన్ని కోళ్లా? ఒక్కో అధ్యాయానికీ అన్నిటికంటే పాతది ఉంచి మిగతావన్నీ తీసిపారేశాను. పాత టేకుకున్న విలువ కొత్త చెక్కకి ఎక్కడిది? చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఫైలును కుదించమంటావా అని కంప్యూటరే మర్యాదగా అడిగితే కుదించమన్నాను. ఇప్పుడు ఎంత సన్నబడిందనుకున్నావ్!

ఇట్లు,
తేలికపడిన నీ బావ

తా.క.: ఈ సర్దుడంతా నేనొక్కణ్ణే చేశానని మీ అక్కకి చెప్పు. నా నోటితో చెప్పుకుంటే బాగుండదు.

●

బావగారూ, నమస్కారాలు తర్వాత.

ఎంత పని చేశారండీ! రాతలో కొత్తదే అసలు. మీరు ఉంచింది చిత్తు, పారేసింది నవల! చెత్తబుట్ట ఖాళీ చేసి, ఫైలును కుదించాక ఇక తిరిగి తెచ్చే దారి నాకు తెలిసి లేదు. మీరు కాపీ దాచి ఉంటారన్న ధైర్యం ఒక్కటే ఉండేది, దాని మీద పాటలు ఎక్కించారు.

అక్క రేపు పొద్దున్నే బయల్దేరుతోంది. ఇప్పుడే పక్కగదిలో పాడుకుంటూ సంచి సర్దుకుంటోంది. నాకు తన మొహం చూడటానికి ధైర్యం చాలడం లేదు. మీరే నిజం చెప్పేయండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: చెప్పేటప్పుడు ఇనప సామాను దగ్గర నిలబడకండి.

●

బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

చెప్పేశాను. మీ అక్క తిట్టలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని మిగిలిన పాత ప్రతి చదవడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపటికి ఫక్కున నవ్వింది. మతి పోయిందేమోనని దగ్గరికెళ్లాను.

"ఇందులో మీరింకా బతికే ఉన్నారండీ" అంది.

అప్పుడు బయటపడింది. నవలలో ఒక భర్త. లారీల యజమాని. ఇంట్లో ఏ వస్తువునీ ఉన్నచోట ఉండనివ్వడు. మొదటిసారి రాసినప్పుడు చివరిదాకా ఉన్నాడు. తర్వాత సరిదిద్దిన ప్రతిసారీ మూడో అధ్యాయంలోనే బీరువా మీద పడి చచ్చిపోతున్నాడట! నా చావుని అన్నిసార్లు చెక్కుకుంది మీ అక్క. వాటన్నిటినీ నా చేత్తో నేనే చెరిపేశాను.

మళ్లీ చంపడానికి వ్యవధి లేదని, ఉన్నదున్నట్టు పోటీకి పంపేసింది. ఆరేళ్ల కష్టం, బావమరిదీ. నా వల్ల పాడైంది. రాత్రి అన్నం సహించలేదు.

ఇట్లు,
బతికిపోయిన నీ బావ

తా.క.: అయినా బీరువా మీద పడటమేమిటి? ఇన్నేళ్ల సర్వీసులో నా చేతిలోంచి ఒక్క బీరువా జారలేదు. అది మాత్రం నాకు నచ్చలేదు.

●

తమ్ముడికి అక్క దీవెనలు.

ఆఫీసులో కూర్చుని లెంపలు వేసుకుంటున్నావట. ఆపు. ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని, ఖాళీ ఇంట్లో ఆయన చెయ్యి ఊరుకోదని నాకు తెలియదా? మీ ఇంటికి బయల్దేరే ముందే మెయిల్ మూసి, ఫైలు మొత్తం కాపీ చేసి, తెరుచుకుంటోందని చూసుకుని మరీ నా పెన్ డ్రైవ్ సంచిలో వేసుకున్నాను. చివరి ప్రతి చెక్కుచెదరలేదు. అది పంపాలంటే చిటికెలో పని.

కానీ ఆ పాత ప్రతి చదువుతుంటే నవ్వాగలేదురా. ఆయన ఉన్నంతసేపూ ఆ ఇల్లు సందడిగా ఉంది. ఆయన్ని చంపాక ఆ నవలలో ఒక్కరూ నవ్వలేదు. ఎన్నిసార్లు సరిదిద్దినా ఏదో తక్కువైందని ఇన్నేళ్లూ వెతికాను, తక్కువైంది ఆయనే. నిజానికి ఆయన్ని చంపింది కథ కోసం కాదు. అడగకుండా నా రాతబల్లని కిటికీ దగ్గర్నుంచి తలుపు వెనక్కి జరిపిన రోజు, ఆ కోపంలో చంపేశాను.

అందుకే ఆయన బతికున్నదే పంపాను. ఈ మాట ఆయనకి చెప్పకు. వ్యవధి లేకే బతికాననుకోనీ, కొన్నాళ్లు ఏదీ ముట్టుకోకుండా ఉంటారు.

ఇట్లు,
అక్క

తా.క.: పెన్ డ్రైవ్ మాత్రం పారెయ్యలేదు. ఇందాక చూస్తే, నా బల్ల మళ్లీ కిటికీ దగ్గర్నుంచి జానెడు జరిగినట్టుంది.