నెమ్మదిగా తిరిగిన స్పూలు

3 సెప్టెంబర్ 2012

పని: రెండు ఆంప్లిఫయర్లు, ఒక మిక్సీ, ఒక టేబుల్ ఫ్యాన్. పది నుంచి పన్నెండు దాకా కరెంటు లేదు.

మధ్యాహ్నం ఒక కుర్రవాడు... కుర్రవాడు కాదు, ముప్పై దాటి ఉంటాయి. మెడలో కంపెనీ కార్డు. పేరు కిరణ్. మాట బెజవాడ వైపుది. పాత క్యాసెట్ డెక్ తెచ్చాడు.

"బెల్టు పోయిందండీ. మార్చండి. స్పీడు మాత్రం కరెక్టుగా ఉండాలి."

స్పీడు మాట ఎందుకు ఎత్తాడు? డెక్ తెచ్చేవాళ్లెవరూ స్పీడు గురించి అడగరు. పాట వస్తే చాలంటారు.

పరీక్షించడానికని ఒక క్యాసెట్ తీశాడు. ఎర్ర అట్ట. మీద పేరు, రెడ్ ఆక్సైడ్.

చేత్తో అందుకోలేదు. బల్ల మీద పెట్టమన్నాను.

4 సెప్టెంబర్

బెల్టు వేశాను. వేరే క్యాసెట్‌తో చూశాను. అది ముట్టుకోలేదు.

సాయంత్రం ముట్టుకున్నాను. అట్ట లోపలి మడతలో చీమతలకాయలంత అక్షరాలు... కాపీలు తీసిన చోటు, నాచారం. ఆ యూనిట్ మూతపడి పదిహేనేళ్లు. ఇది చదివి వెతుక్కుంటూ వచ్చాడా? నాచారంలో ఇన్ని రిపేరు షాపులుండగా నా షాపుకే?

6 సెప్టెంబర్

కిరణ్ వచ్చాడు. డెక్ తీసుకుని వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూచుని క్యాసెట్ పెట్టాడు. రెండు వైపులా పూర్తిగా.

ఈ ఒక్క క్యాసెట్ కోసం కంప్యూటర్లో వాళ్లకొక గ్రూపు ఉందట. పుణెలో కొందరు, షిల్లాంగ్‌లో కొందరు, కెనడాలో ఒకాయన. లల్లాగూడ కుర్రాళ్లు నలుగురు ఎనభై ఎనిమిదిలో చేసిన ఇంగ్లీషు హార్డ్ రాక్ పాటలు. ఆనాడు ఎవరూ కొనలేదు. ఇప్పుడు వీళ్లు నెత్తిన పెట్టుకున్నారు.

"అప్పట్లో అందరూ పరిగెత్తేవాళ్లండీ. వీళ్లొక్కళ్లే ఆగి వాయించారు. గిటారు వినండి... అర మెట్టు కిందికి దించి కట్టుకున్నాడు. అందుకే అంత బరువు. అప్పుడు మన దగ్గర ఎవరికి వచ్చిందండీ ఆ ఆలోచన?"

తల ఊపాను.

"అన్నిటికంటే డ్రమ్మర్. తొందరపడడు. దెబ్బ వేసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ ఆలోచన మనకు వినిపిస్తుందండీ."

స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. వంగి తీయడానికి కావలసినదానికంటే ఎక్కువ సేపు తీసుకున్నాను.

ఆఖరి పాట మాట మధ్యలో తెగిపోతుంది. గ్రూపులో దీని మీదే పెద్ద గొడవట. అది చావు అని ఒకరు, మూతపడ్డ ఫ్యాక్టరీ అని ఇంకొకరు.

"మీకేమనిపిస్తుందండీ సత్తయ్య గారూ?"

"నాకు ఇంగ్లీషు రాదు."

టేపు అయిపోయింది. అంతే దాని అర్థం.

7 సెప్టెంబర్

ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను.

ఆ కుర్రాళ్ల అసలు టేపు, అంటే స్పూలు, నేను పనిచేసే యూనిట్‌కి వచ్చిన వారంలోనే మిషన్‌లో స్పూలు తిప్పే మోటారు పుల్లీ పగిలింది. కొత్తది బొంబాయి నుంచి రావాలి. యూనిట్ యజమాని సేటు ఆగలేడు. వెనక గల్లీలోని లేత్ మిషన్ మీద నేనే ఒకటి చేశాను. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్న పని. గర్వం కూడా. సగం ఆర్డరయ్యాక అనుమానం వచ్చి కొలిచాను. నూలుపోగంత చిన్నది. పుల్లీ చిన్నదైతే స్పూలు నెమ్మదిగా తిరుగుతుంది. స్పూలు నెమ్మదిగా తిరిగితే క్యాసెట్లో పాట సాగుతుంది, గొంతు లావవుతుంది, గిటారు కిందికి దిగుతుంది. సాగిన పాటలకు టేపు చాలదు. ఆఖరిది తెగుతుంది.

సేటుకు చెప్పలేదు. మిగతా సగం కూడా అదే పుల్లీతో తీశాను.

పది రోజులకు గిటారు బాల్‌రాజ్, డ్రమ్స్ యాదగిరి యూనిట్‌కి వచ్చారు. నిద్రపోతూ వాయించినట్టుందని పేపర్లో ఎవరో రాశారట. బాల్‌రాజ్ చేతిలో ఆ ముక్క.

"ఈడ్చినవ్‌ రా! పాటలన్ని ఈడ్చి ఈడ్చి సంపినవ్!"

యాదగిరిది ఒకటే మాట. "నేను ఈడ్వలే అన్నా." మూడుసార్లు.

వాళ్లకు రెండు గజాల దూరంలో నేను. అప్పటికే పుల్లీ విప్పేశాను. నా చొక్కా జేబులో ఉంది.

ఆ రోజే బాల్‌రాజ్ వాణ్ని బ్యాండులోంచి వెళ్లగొట్టాడు. ఆ తరవాత యాదగిరి డ్రమ్స్ ముట్టలేదని విన్నాను. ఇప్పుడు స్కూల్ బస్సు నడుపుతాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర అప్పుడప్పుడు కనబడతాడు. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్తాను.

అసలు స్పూలు షాపు వెనక ఇంట్లో సజ్జ మీద, గోనెసంచిలో. యూనిట్ మూసినప్పుడు మిషన్‌తో పాటు తెచ్చుకున్నాను. పారేయడానికి మనసు రాక తెచ్చాను అని రాసుకుంటున్నాను. ఇంకెవరి చేతిలోనూ పడకూడదని కూడా అయ్యుండొచ్చు.

11 సెప్టెంబర్

పని ఎక్కువ. వినాయకుడి మండపాల ఆంప్లిఫయర్లు. కిరణ్ రాలేదు. రాకపోతే ఏం చేస్తున్నాడో అని.

14 సెప్టెంబర్

వచ్చాడు. రెండు ప్రశ్నలు.

"ఒరిజినల్ టేపు ఎవరి దగ్గరైనా ఉండి ఉంటుందా అండీ?"

"సేటు పోయాడు. సామాను తుక్కుకు పోయింది."

"డ్రమ్మర్ యాదగిరి గారు ఎక్కడుంటారో మీకేమైనా..."

"తెలియదు."

రెండు అబద్ధాలు. రెండో అబద్ధం చెప్పినప్పుడు నా మొహం వైపే చూస్తున్నాడు. లేక నాకలా అనిపించిందా. వీడు కంపెనీ మనిషేనా? ఆ కార్డు మీద ఏముందో ఎప్పుడూ తిన్నగా చదవలేదు.

15 సెప్టెంబర్

ఇవాళ వచ్చాడు, కార్డు చదివాను. కంపెనీ మనిషే.

22 సెప్టెంబర్

అన్నం పెడుతూ విజయ.

"ఆ సారు ఊకె ఎందుకొస్తుండు? రిపేరు ఎప్పుడో అయిపాయె గద."

"పాటల గురించి."

"పాటలకు నువ్వేం సుట్టానివి?"

కూర కలుపుకున్నాను. తనే మళ్లీ...

"సజ్జ మీద గా బరువు సంచి ఏంది? దులుపుదామని గుంజితె కాలు మీద పడుతుండె."

విప్పావా అని అడిగాను. అడిగిన తీరు నాకే బాగోలేదు. "నీ బంగారం నాకెందుకయ్యా" అని నవ్వి చారు పోసింది. సంచి ముడి చూశాను. నా ముడే.

27 సెప్టెంబర్

బాల్‌రాజ్ వచ్చాడు. రెండు పుష్కరాల తరవాత. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది. నడక మాత్రం అదే. నాగోల్‌లో ఇల్లు కట్టుకున్నాడట. మెట్రో గుంతలను తిట్టుకుంటూ కూచున్నాడు.

"మస్తు సంబురమైతుందే సత్తన్నా. ముసలోన్నైనంక హీరోని జేసిన్రు పోరగాండ్లు."

"మంచిదే కదా రాజన్నా."

టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"స్పూలు నీ తానే ఉన్నది గద."

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవలు చెప్పాలె? నువ్వు సూది గూడ పారెయ్యవు. జర దాన్ని గట్లనే ఉండనియ్యి. బయటికి తియ్యకు."

ఎందుకని నేను అడగలేదు. తనే చెప్పాడు. ఆ రోజుల్లోనే ఇంట్లో గిటారు పట్టుకుని క్యాసెట్‌తో పాటు వాయించి చూశాడట. తీగలు దించితే గాని కలవలేదట. అంటే తప్పు క్యాసెట్‌దని తెలుసు. యూనిట్‌లో ఆ రోజు యాదగిరి మీద అరిచినప్పుడే తెలుసు.

"మరి యాదగిరిని ఎందుకన్నావు?"

"పేపరోడు రాసిండు. ఎవల్నో ఒకల్ని అనాలె గద."

వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. ఒకే పని చేసినవాళ్లం అన్నట్టు. చేతిని తోసెయ్యలేదు.

28 సెప్టెంబర్

పని చెయ్యబుద్ధి కాలేదు. ఒక్క ఫ్యాను.

3 అక్టోబర్

కిరణ్ ఫోన్. గొంతులో ఒకటే సంతోషం. యాదగిరి దొరికాడట. గ్రూపులో ఒకాయన పిల్ల ఆ బస్సులోనే బడికి వెళ్తుందట.

"తెలియదన్నారుగానీ సత్తయ్య గారూ, మీ షాపుకు రెండు స్టాపుల దూరమేనండీ!"

నవ్వుతూనే అన్నాడు. నవ్వు వెనక ఏమైనా ఉందా అని సాయంత్రం దాకా.

5 అక్టోబర్

పద్నాలుగున, ఆదివారం పదకొండు గంటలకు, నా షాపులో క్యాసెట్ మొత్తం అందరూ కూచుని వింటారట. పదిమంది దాకా. బాల్‌రాజ్, యాదగిరి కూడా.

"క్యాసెట్ పుట్టిన ఊరు కదండీ. కాపీ చేసిన చేతులు కూడా మీవే."

ఇది నేను చెప్పలేదు. బాల్‌రాజ్ చెప్పి ఉంటాడు. ఇంకేం చెప్పాడు?

సరే అన్నాను. ఎందుకన్నానో.

9 అక్టోబర్

విజయ అక్కగారింటికి వెళ్లింది. తలుపు వేసి స్పూలు దించాను. మిషన్‌కి సరైన పుల్లీ ఎప్పుడో వేశాను. తిరిగింది.

మొదటి పాట. కుర్రాళ్లు. పరుగే పరుగు. యాదగిరి చేతులు గుర్రాల్లా ఉన్నాయి. ఎక్కడా ఆలోచించడు, ఎక్కడా తడబడడు. ఆఖరి పాట చివర, క్యాసెట్‌లో లేని ఆ నిమిషం... గొంతు ఆగాక డ్రమ్స్ ఒక్కటే. వాడొక్కడే. దాని కోసమే పాటంతా కట్టినట్టుంది.

గొప్పగా ఉంది. కానీ కిరణ్ ప్రేమించింది ఇది కాదు. నాకు ఏది ఇష్టమో నన్ను నేను అడగలేదు. అడిగితే క్యాసెట్టే అంటానేమోనని భయం.

13 అక్టోబర్

శనివారం, బడి ఒంటిపూట. రెండింటికి షాపు ముందు పసుపు బస్సు ఆగింది. దాటిపోవడానికి రోడ్డు లేదు. నా షాపులో నేనున్నాను.

యాదగిరి. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా.

"మంచిగున్నవా అన్నా? గుర్తువట్టినవా?"

కూచోమన్నాను. కూచోలేదు.

"ఆ కిరణ్ సారు నా చెయ్యి వట్టుకుండు. 'మీరు తొందరపడరండీ' అన్నడు. ఇంట్ల చెప్తె మా చిన్నది ఒకటే నవ్వుడు. నాన్న బస్సు గూడ గట్లనే నడుపుతడు, రోజూ ప్రేయరు అయిపోతది అని."

ఇద్దరం నవ్వాం. పిల్లలు దిగాక ఖాళీ బస్సులో స్టీరింగ్ మీద వాయించి చూసుకుంటున్నాడట. క్యాసెట్ విని, అంతే నెమ్మదిగా. వేళ్లతో బల్ల మీద చూపించాడు. అచ్చం అదే. కష్టపడి నేర్చుకున్నాడు. ఆ నడక వాడిది కాదు, నా పుల్లీది.

వేళ్లు ఆగాయి.

"ఒక్క మాట అడుగుత. నువ్వు ఆడనే ఉంటివి గద ఆ దినం. నిజం చెప్పు. నేను ఈడ్చిన్నా?"

"లేదు" అన్నాను.

ఆ తరవాత అంతా చెప్పాను. పుల్లీ, లేత్, జేబు. ఎంత సేపు చెప్పానో తెలియదు. అరుస్తాడనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను. టిఫిన్ డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"జర ఇనిపియ్యి."

స్పూలు తిప్పాను. మొదటి పాట సగం దాకా కదల్లేదు. తరవాత కుడి కాలు కదిలింది. మొదట్లో పాట కంటే వెనకబడింది. పాట అయిపోయేసరికి అందుకుంది.

"ఇది నేనే" అన్నాడు. చాలా చిన్నగా.

ఆఖరి పాట చివరిదాకా విన్నాడు. గొంతు ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే మిగిలిన చోట మొహం గోడకు తిప్పుకున్నాడు.

"రాజన్నకు ఎర్కనేనా ఇది?"

స్పూలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాను. అదే జవాబు అయిపోయింది.

"మరి గా సారు మెచ్చుకునేది ఎవల్ని? నన్నా, నీ పుల్లీనా?"

"నాకు తెలియదు యాదగిరీ."

"ఇన్నేండ్లకు ఒక్కడు చెయ్యి వట్టుకుండె..." అన్నాడు. 

గడప దాకా వెళ్లి ఆగాడు.

"రేపు ఏది పెడ్తవ్?"

"నువ్వు చెప్పు. ఏదంటే అది పెడతాను."

"ఇరవై నాలుగేండ్లు నువ్వు చెప్పకపోతివి. ఇప్పుడు నన్ను చెప్పమంటున్నవా?"

బస్సు తీసుకుని వెళ్లిపోయాడు. రేపు వస్తానని గాని రానని గాని అనలేదు. పని: ఏమీ లేదు.

14 అక్టోబర్

ఆదివారం. పదింపావు. షాపు ఊడ్చి చాపలు పరిచాను.

స్పూలు మిషన్‌కి ఎక్కించాను. క్యాసెట్ డెక్‌లో పెట్టాను. స్పీకర్లు ఒక్క జతే. వైరు ఏదో ఒకదానికే.

ఇంతకుముందే బాల్‌రాజ్ ఫోన్. "క్యాసెట్టే గద సత్తన్నా?" పెట్టేశాను. మళ్లీ మోగుతోంది.

విజయ లోపల్నుంచి ఎంతమందికి టీ అని అడుగుతోంది. పదిమందికి అన్నాను. యాదగిరి వస్తే పదకొండు అనాలేమో.

బయట ఏదో బండి ఆగింది. ఇంకా టైము కాలేదు. వైరు ఇంకా తగిలించలేదు.